ఓబుళమ్మ పిలిస్తే తిరిగిన డిస్కు

ఇది నాకే జరిగింది. ఎవరో చెబితే విన్నది కాదు. కల్పించి చెప్పేదైతే ఇంతకంటే బాగా కల్పించి ఉండేవాణ్ణి... ఒక తెల్లచీరనో, గజ్జెల చప్పుడునో పెట్టేవాణ్ణి. ఇందులో అవేవీ లేవు. బైబిలు మీద చెయ్యి పెట్టి అబద్ధమాడే ఇంట్లో నేను పుట్టలేదు. అదే చెయ్యి పెట్టి చెబుతున్నాను. నమ్మితే నమ్మండి.

మాది జమ్మలమడుగు. మిషన్ ఆసుపత్రి వెనక వీధి. నా పేరు డేవిడ్. అప్పట్లో ప్రొద్దుటూరులో చిన్న షాపు పెట్టుకుని కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. కంప్యూటర్లు అప్పుడప్పుడే మా వైపు వస్తున్న రోజులు. ఎరువుల అంగళ్లలో ఒకటి, పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్ల దగ్గర ఒకటి, అంతే. ఫ్యాక్షన్ తగ్గిపోయిందని పేపర్లు రాసేవి. తగ్గిందో, కాస్త ఊపిరి తీసుకుంటోందో మాకు తెలిసేది కాదు. మా పక్క "నువ్వు యా పార్టీ?" అని అడిగితే ఏ జెండా అని అర్థం కాదు. ఎవరింటి మనిషివి అని.

చలికాలం. చీకటి పడింది. షట్టర్ సగం దించాను. బయట జీపు ఆగిన చప్పుడు. వంగి లోపలికి వచ్చినవాణ్ణి చూడగానే గుర్తుపట్టాను... భాస్కర. మైలవరం అవతల ఒక ఊళ్లో ఒక పార్టీని నడిపే ఇంటి మనిషి. వాళ్ల అన్న గంగాధరను చంపి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పులివెందులలో మీటింగుకు పోతూ దారి మార్చుకున్నాడు గంగాధర. ఆ మార్చుకున్న దారి సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. అయినా అవతలివాళ్లు సరిగ్గా ఆ దారిలోనే కాచుకుని ఉన్నారు. జిల్లా అంతా తెలిసిన సంగతే ఇది.

"డిస్కు కనపడ్డంల్యా డేవిడ్," అన్నాడు భాస్కర. "కంప్యూటరు ఇంటికాడ ఉండాది. రా."

"పొద్దున వస్తానన్నా."

"ఇప్పుడే పోదాం. నీకేం భయంల్యా. పని కాకపోయినా భయంల్యా." షట్టర్ మీద చెయ్యి వేశాడు. "కానీ కావాల."

వెళ్లాను. వెళ్లకుండా ఎలా ఉంటాను.

జీపులో విషయం చెప్పాడు. అది భాస్కర పెళ్లి వీడియో. వీడియో తీసినవాడు టేపుల నుంచి తన కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాడు. మిక్సింగ్ చేసేలోపు గంగాధర పోయాడు. ఇక ఆ ఇంట్లో పెళ్లి వీడియో అడిగే మనిషి లేడు. వీడియోవాడు ఆ టేపుల మీదే వేరే పెళ్లిళ్లు తీసేశాడు. మిగిలింది ఆ డిస్కు ఒక్కటే. మొన్నెప్పుడో మాటల్లో నోరు జారాడట... పెళ్లినాటి రాత్రి వంటసాల వెనక, భాస్కరవాళ్ల మనిషి ఒకడు అవతలి పార్టీ వాడితో మాట్లాడుతుంటే కెమెరాలో పడిందని. మొహం తనకు గుర్తు లేదని.

"ఎవుడో తెలియాల," అన్నాడు భాస్కర. రోడ్డు చూస్తూనే అన్నాడు. "మా అన్న దోవ సెప్పినోడు వాడే. వీడియోవాన్ని కంప్యూటరుతో సహా ఇంటికి పిలిపించినా. ఆన్ జేస్తే డిస్కే ల్యా. వాడు భయపడి ఖాజీపేటకు, అత్తగారింటికి పోయినాడు."

నేను బాగుచేయబోయేది డిస్కు కాదని అర్థమైంది. అది కనబడితే ఒక మనిషి చస్తాడు.

ఎత్తు గోడల ఇల్లు. మిద్దె మీద ఇద్దరు కాపలా. బీడీ నిప్పులు రెండు కనపడుతున్నాయి. కంప్యూటరును గంగాధర గదిలో పెట్టారు. ఆయన మంచం ఆయన ఉన్నప్పటిలాగే పరిచి ఉంది. గడప దగ్గర వాళ్లమ్మ, ఓబుళమ్మ, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసింది.

ఇంకొకాయన ఉన్నాడు. ఓబుళమ్మ తమ్ముడు నారాయణ. భాస్కరకు మేనమామ. ఆ ఇంట్లోనే ఉంటాడు. నాకు కూర్చోడానికి స్టూలు తెచ్చిందీ, టీ తెచ్చిందీ ఆయనే. మంచి మనిషిలాగే ఉన్నాడు.

"అయితాదా అప్పా?" అని అడిగాడు మెల్లగా.

"చూడాలి," అన్నాను.

ముందు మామూలుగా చేసే పనులు చేశాను. ఆన్ చేశాను. నల్ల తెర మీద తెల్లక్షరాలు. డిస్కు పేరు రావాల్సిన చోట ‘నన్’ అని వచ్చింది.

"నన్ అంటే ఏంది?" అన్నాడు భాస్కర.

"ఏమీ లేదని అన్నా."

"ల్యాకుండా యాడికి పోతాది? నా కండ్ల ముందరే ఉండాది కదప్పా."

మూత విప్పాను. డేటా కేబుల్ మార్చాను. నన్. కరెంటు వైరు ఇంకోటి తగిలించాను. నన్. డిస్కు వెనక ఉండే జంపరు అనే చిన్న ప్లాస్టిక్ తొడుగు తీసి వేరే పిన్నులకు పెట్టాను. నన్. నా సంచిలో ఎప్పుడూ ఒక మంచి డిస్కు ఉంటుంది. దాన్ని పెడితే వెంటనే కనబడింది, విండోస్ కూడా తెరుచుకుంది. అంటే బోర్డు బాగుంది, కేబుల్ బాగుంది. లోపం ఆ డిస్కులోనే.

నా డిస్కును అలాగే ఉంచి, ఆ చెడినదాన్ని బయటికి తీసి వైరు ఉండగానే అరచేతిలో పెట్టుకున్నాను. డిస్కు బతికి ఉంటే కరెంటు అందగానే లోపల పళ్లెం తిరగడం మొదలవుతుంది. చేతికి సన్నగా వణుకు తెలుస్తుంది... నిద్రపోయే పిల్లిని పట్టుకున్నట్టు. దీనికి ఆ వణుకు లేదు. చల్లటి ఇనప ముక్క. పళ్లెం అతుక్కుపోయిందేమోనని స్క్రూడ్రైవర్ పిడితో అంచు మీద మెల్లగా తట్టాను. చెవికి ఆనించుకుని విన్నాను. ఏమీ లేదు. నా గుండె చప్పుడే వినబడింది.

నిజం చెప్పాలంటే, నాకు కాస్త సంతోషమేసింది. లేవకపోతే నా తప్పు లేదు. ఎవరూ చావరు.

అప్పుడు బయట కుక్కలు మొరిగాయి. ఒకటి కాదు, ఊరంతా. మిద్దె మీది నుంచి ఎవరో భాస్కరను పిలిచారు. భాస్కర, నారాయణ ఇద్దరూ పైకి వెళ్లారు. మెట్ల మీద అడుగుల చప్పుడు... తర్వాత నిశ్శబ్దం.

గదిలో నేనూ, ఓబుళమ్మా.

ఆమె లేచి వచ్చింది. నా పక్కన కింద కూర్చుంది. డిస్కు వైపు చూసింది.

"దీంట్లో వాని మాట ఉండాదా నాయనా?"

"ఉందమ్మా. ఉంది కానీ... లేవడం లేదు." మేం మామూలుగా వాడే మాటే. డిస్కు లేవలేదు అంటాం.

"లేయడంల్యా?" అంది. అదేదో తనకు బాగా తెలిసిన సంగతి అన్నట్టు. "వాడంతే. శిన్నప్పుడూ అంతే. నేను పోయి తట్టి పిలిస్తే తప్ప లేసేవాడు కాదు."



చెయ్యి చాచింది. నా అరచేతిలో ఉన్న డిస్కు మీద తన చెయ్యి పెట్టింది. గరుకు చెయ్యి. వెచ్చగా ఉంది.

"గంగా," అంది.

కుక్కలు ఆగిపోయాయి.

"గంగా... లేయి నాయనా. పొద్దెక్కింది."

ఏమీ జరగలేదు.

ఆమె చెయ్యి తీయలేదు. ఇంకాస్త వంగింది. చెవిలో చెప్పినట్టు, "నేనప్పా... అమ్మను," అంది.

నా చేతిలో... ఏదో కదిలింది.

మొదట నా నరమే అదిరిందనుకున్నాను. తర్వాత లోపల ఒక రాపిడి... గింజ విసుర్రాయిలో పడ్డట్టు. ఆగింది. మళ్లీ... గిర్ర్... మెల్లగా... మెల్లగా వేగం అందుకుంది. సన్నటి ఈల లాంటి ఆ మోత నాకు బాగా తెలుసు. ఎన్ని వందల డిస్కుల్లో విన్నానో. ఆ రాత్రి మాత్రం నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

మెషీన్ మళ్లీ ఆన్ చేశాను. నన్ అని వచ్చే చోట డిస్కు పేరు వచ్చింది.

వేడికి, అని నాకు నేను చెప్పుకున్నాను. చలికి లోపలి గ్రీజు గడ్డకట్టి ఉంటుంది. ఆమె చేతి వేడికి వదులైంది. అంతే.

ఆమె కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి తీసింది. మోత వెంటనే పడిపోయింది. టక్... టక్...

"అమ్మా, చెయ్యి తీయొద్దు," అన్నాను. చెయ్యి పెట్టింది. టక్ టక్ ఆగలేదు. "మాట్లాడండి," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

ఆమె మాట్లాడింది. ఎర్రావు ఈనిందని చెప్పింది. కోడెదూడ అని. పశువుల కొష్టం కప్పు మార్పించామని. నీ కూతురు బడికి పోతాంది, పలక రెండుసార్లు పగలగొట్టిందని. ఆమె చెబుతున్నంతసేపూ డిస్కు తిరిగింది. ఫైళ్లు ఒక్కొక్కటే నా డిస్కులోకి కాపీ అవుతున్నాయి. నీలం గీత మెల్లగా నిండుతోంది.

ఒక ఫైలు తెరిచాను. పెళ్లి పందిరి. జనం. గంగాధర నవ్వుతూ కెమెరా దగ్గరికి వచ్చి, "నన్నెందుకప్పా తీస్తాండావు, మా అమ్మను తీయి. పొద్దున్నించి ఏం తినల్యా ఆయమ్మ," అన్నాడు. కెమెరా తిరిగింది. పట్టుచీరలో ఓబుళమ్మ, సిగ్గుపడుతూ కొంగు అడ్డం పెట్టుకుంది.

నా పక్కనున్న ఓబుళమ్మ తెర వైపు చూస్తూ ఉండిపోయింది. "తిన్న్యాను నాయనా," అంది, తెరకు జవాబు చెబుతున్నట్టు.

తర్వాత నాతో, గొంతు తగ్గించి అంది. "వాడు ఎవుడో తెలుసుకుని ఏం జేస్తారు? ఇంగొగ ఇంట్లో నా మాదిరి ఇంగొగామె ఇట్ల కూసుంటాది. నేను సెబితే ఇనడు భాస్కర."

నేను జవాబు చెప్పేలోపు మెట్ల మీద అడుగులు.

భాస్కర తెర చూశాడు. నిలబడ్డచోటే ఆగిపోయాడు. వాళ్లన్న నవ్వు ఇంకా తెర మీద ఉంది. ఒక్క క్షణం అతని మొహం చిన్నపిల్లాడిలా అయింది. తర్వాత బిగుసుకుంది.

"వంటసాల తీయి," అన్నాడు.

"అన్నా, అమ్మ మాట్లాడుతుంటేనే ఇది..."

"అమ్మా, నువ్వు మాట్లాడతా ఉండు. నువ్వు తీయి డేవిడ్."

ఓబుళమ్మ మాట్లాడింది. గొంతు మారింది, కానీ మాట్లాడింది. నేను ఫైళ్లు వెతికాను. నారాయణ వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది. వేగంగా, పరుగెత్తి వచ్చినవాడిలాగా.

దొరికింది.

వంటసాల. ట్యూబులైట్లు. పొయ్యిల మీద గుండిగలు. పొగ. కెమెరా మెల్లగా పక్కకు జరిగింది. వెనక గోడ దగ్గర చీకట్లో ఇద్దరు. ఒకడి ముఖం ఇటే, అవతలి పార్టీ వాడే, భాస్కర పళ్లు నూరిన చప్పుడు వినబడింది నాకు. రెండోవాడి వీపు ఇటు. తెల్లచొక్కా. భుజం మీద టవలు. ఎవరో వాణ్ణి పిలిచినట్టున్నారు. తల తిప్పుతున్నాడు... చెవి కనబడింది... దవడ...

ఓబుళమ్మ మాట ఆగిపోయింది.

టక్.

తెర బిగుసుకుపోయింది. ఆ తల అలాగే, సగం తిరిగి.

టక్... టక్... తర్వాత అదీ లేదు.

"అమ్మా, మాట్లాడు," అన్నాడు భాస్కర.

ఆమె చెయ్యి డిస్కు మీదే ఉంది. పెదవులు కదులుతున్నాయి. మాట బయటికి రావడం లేదు.

"అమ్మా. పిలువు వాన్ని."

"పిలిచినాను నాయనా," అంది మెల్లగా. "రానంటాండాడు."

భాస్కర వచ్చి ఆమె చెయ్యి పక్కకు తీశాడు. తన చెయ్యి పెట్టాడు. "అన్నా," అన్నాడు. మళ్లీ, "అన్నా... నేను." డిస్కు ఉలకలేదు. నేను ఆపి ఆన్ చేశాను. నన్. మళ్లీ చేశాను. నన్. కాపీ అయినవి చూశాను. పందిరి ఉంది, తలంబ్రాలు ఉన్నాయి, గంగాధర నవ్వు ఉంది. వంటసాల రాలేదు.

"ఇంక కాదన్నా," అన్నాను.

అతను బయటికి వెళ్లి చీకట్లో నిలబడ్డాడు.

నేను మెషీన్ ఆపాను. గోడకున్న స్విచ్చి కూడా ఆపాను. డిస్కుకున్న కేబుల్ పీకాను. కరెంటు వైరు పీకాను. డిస్కు ఓబుళమ్మకు ఇద్దామని చేతిలోకి తీసుకున్నాను.

తిరుగుతోంది.

వైరు లేదు. నేనే పీకాను. నా కళ్లతో ఆ నాలుగు పిన్నులు చూశాను. ఉత్తవి. అయినా నా అరచేతిలో... ఆ సన్నటి వణుకు. ఆగిపోతున్న డిస్కు వణుకు వేరు. అది తగ్గుతూ పోతుంది. ఇది తగ్గడం లేదు. నేను నిలబడే ఉన్నాను. కిందపెట్టలేను, పట్టుకోలేను. నారాయణ నా చేతి వైపే చూస్తున్నాడు. ఆయన మొహం మీద చెమట. ఆ చలిలో.

ఓబుళమ్మ దగ్గరికి వచ్చింది. నా చేతిలోంచి దాన్ని తీసుకుని కొంగులో పెట్టుకుంది.

"పండుకో నాయనా," అంది.

మోత ఆగింది.

నన్ను జమ్మలమడుగులో దించి రమ్మని భాస్కర నారాయణకు చెప్పాడు. ఆయనే నడిపాడు. పెన్న బ్రిడ్జి మీద జీపు ఆపాడు. లైట్లు ఆర్పేశాడు. కింద ఇసుక, మధ్యలో ఎక్కడో కాస్త నీటి చప్పుడు. తలుపు పట్టుకుని కూర్చున్నాను.

"ఆడ ఆగిపోయినప్పుడు," అన్నాడు, "మొగం కనపడిందా నీకు?"

"లేదు."

"సగం గూడా?"

"చెవి, దవడ... అంతేనయ్యా. ఎవరైనా కావచ్చు."

స్టీరింగు మీద తల ఆనించాడు.

"నాకు కనపడింది," అన్నాడు. "శానా బాగా కనపడింది. తిరిగినోడు గంగడు. మా గంగడే. నన్నే సూసినాడు."

తెర మీద వీపు కనబడిన మనిషి గంగాధర కాదు. గంగాధర పొడుగు వేరు, భుజాలు వేరు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

జీపు స్టార్ట్ చేశాడు. మా వీధి చివర దించి వెళ్లిపోయాడు. ఆ నెలలోనే ఊరు విడిచి బెంగుళూరు పక్క ఎక్కడికో పోయాడని విన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదట. భాస్కర కూడా వెతకలేదు. అది ఎందుకో నాకు తెలియదు. కాపీ అయిన పెళ్లి ముక్కలు నేను సీడీ చేసి ఓబుళమ్మకు పంపాను. రోజూ పెట్టించుకుని చూసేదని చెప్పుకున్నారు.

తర్వాత కొన్నేళ్లకు ఆమె పోయింది. కర్మాంతరాలు అయ్యాక ఒక మధ్యాహ్నం భాస్కర నా షాపుకు వచ్చాడు. జుట్టు నెరిసింది. సంచిలోంచి ఒక పాత చీర ముక్క తీశాడు. అందులో ఆ డిస్కు.

"అమ్మ పెట్టెలో ఉండింది. ఒకసారి సూడు."

పెట్టాను. నన్. చేత్తో పట్టుకుని వేడి చేశాను. తట్టాను. నన్. ఆ మధ్యకాలంలో అలా అతుక్కుపోయిన డిస్కులు చేతి వేడికి లేవడం నేను మళ్లీ చూశాను కూడా. కాబట్టి ఆ రాత్రి అది లేవడానికి కారణం ఉందనే అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు మాత్రం ఎంత వేడీ పనిచేయలేదు.

భాస్కర చెయ్యి పెట్టాడు. "అన్నా," అని పిలిచాడు. ఏమీ లేదు. ఇంకోసారి పిలిచాడు. లేదు. కూలబడినట్టు కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యి మాత్రం దాని మీదే ఉండిపోయింది. డిస్కును పిలవలేదు అప్పుడు. అలిసిపోయిన మనిషి ఊరికే అనుకున్నట్టు అన్నాడంతే.

"అమ్మా..."

నా టేబులు మీద... ఆ మోత.

గిర్రుమని మొదలై, మెల్లగా, సన్నగా. పగటివేళ. బయట ఆటోలు పోతున్నాయి. నేనూ విన్నాను, అతనూ విన్నాడు. తెర మీద అక్షరాలు ఒక్కో వరుసే వస్తున్నాయి. తర్వాతి వరుసలోనే డిస్కు పేరు రావాలి.

భాస్కర చెయ్యి చాచి వైరు పీకేశాడు.

నేను అతని మొహం చూశాను. భయం లేదు అందులో. డిస్కును మళ్లీ చీర ముక్కలో చుట్టుకున్నాడు. వేళ్లతో దాన్ని తడుముతూ కాసేపు ఉన్నాడు... ఇంకా తిరుగుతోందో, ఆగిందో నాకు తెలియదు. నేను ముట్టుకోలేదు.

"ఇంగ యా షాపుకూ తీసుకపోను. పండుకోనీ అమ్మను," అన్నాడు. "వస్తా డేవిడ్."

వెళ్లిపోయాడు.